ఏడో నంబరు తల్లి కోసం సూరత్

సూరత్ వెళ్లొచ్చానంటే చాలు, ఎవరైనా ముందు అడిగేది చీరల గురించే. ఎన్ని తెచ్చావు, ఎంత పడ్డాయి, నాకొకటి తేలేకపోయావా అని. నేను తెచ్చింది జానెడు మురికి గుడ్డ. అదీ చింపిన సగం. ఆ మాట చెబితే మా కాలేజీ అటెండరు కూడా నవ్వాడు. నవ్వితే నవ్వనీ, ఆ గుడ్డ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

బయల్దేరక ముందు

నా పని నీటి ఈగలతో. పేరుకే ఈగ, దానికి ఈగతో ఏ చుట్టరికమూ లేదు. చెరువు నీళ్లు గాజు గ్లాసులో పట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే, ఎవరో గిల్లుతున్నట్టు ఉలికిపడుతూ ఈదే తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవే. రొయ్యలకు దూరపు బంధువులు. మేత బాగా దొరికినంత కాలం వీటికి మగవాటితో పనిలేదు. తల్లి తనంతట తానే ఆడపిల్లల్ని కంటుంది. ఆ పిల్లలు అచ్చుగుద్దినట్టు తల్లిలాగే ఉంటాయి, వాటి పిల్లలూ అంతే. ఒక్క తల్లిని తీసి సీసాలో వేస్తే నెల తిరిగేసరికి సీసా నిండా ఆ తల్లే. దాన్ని మేం ఒక వంశం అంటాం.

ఒకే చెరువులో ఇలాంటి వంశాలు ఎన్నో ఉంటాయి. చూడ్డానికి తేడా తెలియదు. పొలాల్లో చల్లే పురుగుమందు చుక్క కలిపిన నీళ్లలో వేస్తేనే ఏది ఏమిటో బయటపడుతుంది. ఒక వంశం పూటలోనే అడుగుకు చేరుతుంది, ఇంకొకటి రెండు రోజులు కొట్టుకుంటుంది. మందు ఒకటే, మోతాదు ఒకటే. తేడా అవి పుట్టుకతో తెచ్చుకున్నది. జోల్వా చెరువు నుంచి తెచ్చి నేను పెంచిన పన్నెండు వంశాల్లో పదకొండు రెండు రోజుల పరీక్షకు ఆగలేదు. ఏడో నంబరు తల్లి పిల్లలు మాత్రం ఏమీ జరగనట్టు ఈదుతూనే ఉండేవి. నా పరిశోధన మొత్తం ఆ ఒక్క వంశం మీదే నిలబడింది.

జోల్వా సూరత్ పక్కనున్న ఊరు. చెరకు తోటల మధ్య మరమగ్గాల కార్ఖానాలు. నేను పెరిగింది అక్కడే. నాన్న సిరిసిల్ల దిక్కు నుంచి మగ్గాల పనికి వెళ్లి అక్కడే ఉండిపోయాడు. ఏడో తరగతి అయ్యాక నన్ను కరీంనగర్ హాస్టల్‌కు పంపారు. నాకంటే ఆరేళ్లు పెద్దదైన భాగ్యక్క అప్పటికే బడి మానేసి కార్ఖానాలో బాబిన్లు చుడుతోంది. ఇద్దర్నీ చదివించే స్తోమత ఇంట్లో లేదు, ఎవరో ఒకరు ఆగాలి, పెద్దది ఆగింది. అమ్మానాన్నలు పోయాక సూరత్‌లో నాకున్నది అక్కే.

లాక్‌డౌన్‌కు ముందు దీపావళికి వెళ్లినప్పుడు ఏడో నంబరు పిల్లల్ని కొన్నింటిని జోల్వాలో అక్క గదిలో, ఒక నీలం టబ్బులో వదిలి వచ్చాను. అన్నీ ఒక్క చోట ఉంచకు, రెండో చోట కూడా పెట్టు అని మా గైడు పోరుతుండేవారు. రోజూ ఒక చెంచా గంజి పోయమన్నాను. "పురుగులకు గంజి వోసుడేందే!" అని అక్క పడీపడీ నవ్వింది. నవ్వింది గానీ ఒప్పుకుంది.

మార్చిలో ఒక ఆదివారం కర్ఫ్యూ అన్నారు. ఒక్క ఆదివారమే గదా అని సీసాలకు రెండు రోజుల మేత వేసి ఇంటికి పోయాను. ల్యాబ్ తాళం మళ్లీ తీసేసరికి నాలుగు నెలలు దాటింది. సీసాల్లో చుక్క నీరు లేదు.

కరువు కాలానికి ఈ జాతి దగ్గర ఒక ఉపాయం ఉంది. మేత తగ్గి, ఒకదాన్నొకటి ఒరుసుకునేంత ఇరుకైతే తల్లులు మగపిల్లల్ని కూడా కంటాయి. అప్పుడు జతకట్టి, నల్లటి పెంకులో గుడ్లు దాస్తాయి. ఎండినా, ఏళ్లు గడిచినా ఆ గుడ్లు చావవు. నీళ్లు తగిలితే లేస్తాయి. నా సీసాల్లో అలాంటి గుడ్డు ఒక్కటీ లేదు. నేను వాటిని పుష్టిగా మేపాను, ఇరుకు కానివ్వలేదు. మిగిలిన మేత కుళ్లి, ఎండకు నీళ్లు వేడెక్కి, ఉన్నపళంగా చచ్చిపోయాయి. కడుపు నిండిన తల్లులు రేపటికని ఏమీ దాచుకోలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే ఈ ప్రయాణం అర్థం కాదు. ఆ ఏప్రిల్‌లో ఒక పొద్దున అక్క ఫోన్ చేసింది. మగ్గాలు బందు పడ్డాయని, బయటికి పోనివ్వడం లేదని ఏదో చెప్పబోయింది. నేను మధ్యలో అందుకుని "పురుగులు బాగున్నాయా అక్కా?" అన్నాను. "బాగనే ఉన్నయ్" అని ఫోన్ పెట్టేసింది. నెల తిరక్కుండా అక్కావాళ్లు సిరిసిల్ల దిక్కు పోయే రైలెక్కారు. జ్వరం భయంతో మేం కలుసుకోకముందే, చలికాలానికి మళ్లీ సూరత్ చేరి, ఈసారి ఊరి శివారున ఉన్‌లో గది తీసుకున్నారు. టబ్బు ఏమైందని ఫోన్‌లో అడిగే మొహం నాకు లేదు. అందుకే మాఘమాసంలో, మొదటి అల తగ్గి రెండోది ఇంకా రాని సందులో, నేనే బయల్దేరాను.

రైల్లో

వరంగల్‌లో ఎక్కాను. నా ఎదుటి సీట్లో యాభై ఏళ్ల మనిషి, కాళ్ల కింద బియ్యం మూట, ఒళ్లో సర్వపిండి డబ్బా. పేరు సాయిలు, మెట్‌పల్లి దగ్గరి ఊరు, సూరత్‌లో ఇరవై ఏళ్లుగా మగ్గాలు నడుపుతున్నాడు. మాస్కు గడ్డం కిందికి లాగి ముందు నాకే ఒక ముక్క తుంచి పెట్టాడు. తీసుకోవాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించాను. నువ్వుల వాసన గెలిచింది.

"ఏడికి బిడ్డా? సాంచల పనికేనా?" అన్నాడు. మర మగ్గాలను మా దిక్కు సాంచాలు అంటారు.

"కాదే బాపు, నీటి పురుగుల కోసం పోతున్న."

"పురుగుల కోసం రైలెక్కినవా! మా ఇంట్ల బియ్యం డబ్బాల శాన ఉండె గద, అడిగితే ఉత్తగనే ఇద్దును."

పెట్టె మొత్తం నవ్వింది. నాకు రోషం వచ్చి మొత్తం వివరించాను. ఒకే చెరువు, ఒకే మందు, ఒకటి చస్తుంది ఇంకొకటి బతుకుతుంది, ఎందుకో తెలుసుకోవడమే నా పని అన్నాను. ఆయన సర్వపిండి నమలడం ఆపి విన్నాడు.

"గిదేం వింత బిడ్డా. మాది పన్నెండు మంది ఉండే గది. ఒకనికి జరమొచ్చె, అందరికి అంటె. ఒక్క కుండల కూడు తిన్నోళ్లమే. నాకు దగ్గు సుత రాలె. నా పక్క పొంటి పండే రాజిరెడ్డి దవాఖానకు వోయిండు, మల్ల రాలె. నేనేమన్న వానికన్న గట్టోన్నా? రోజు బీడీలు తాగేటోన్ని. వాడు చాయ్ సుత ముట్టకపోయేది."

పరిశోధన పత్రాల్లో కూడా ఇంత సూటిగా ఎవరూ అడగరు. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

భుసావల్‌లో డజను అరటిపళ్లు నలభైకి కొన్నాను. అమ్మిన మనిషి దగ్గుతున్నాడని అనుమానం వచ్చి పళ్ల మీద సానిటైజర్ కొట్టాను. ఆత్రంలో ఒలిచిన పండు మీద కూడా కొట్టాను. ఆస్పత్రి వాసన కొట్టే అరటిపండు తిన్నది ఈ దేశంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. సాయిలు మళ్లీ నవ్వాడు, నాకు అదే పదివేలు అనిపించింది.

ఉన్

సూరత్ స్టేషన్లో నుదుటికి జ్వరం చూసే తుపాకీ గురిపెట్టి, చల్లగా ఉన్నాను కాబట్టి వదిలేశారు. బయట ముప్పై రూపాయలకు లోచో తిన్నాను. శనగపిండిని ఆవిరికి ఉడికించి, మీద నూనె, సన్న కారప్పూసలాంటి సేవ్, ఉల్లిపాయ చల్లి ఇస్తారు. ఇడ్లీలా నిలబడదు, ఉప్మాలా రాలదు. చిన్నప్పుడు అక్క తన ప్లేటులోది సగం నా ప్లేటులోకి తోసి, తనకు కడుపు నిండిందనేది. నేను నమ్మేదాన్ని.

ఉన్ సచిన్ అనే పారిశ్రామిక వాడ దగ్గర. మిల్లుల్లో పనిచేసేవాళ్ల ఇరుకు గదుల వరసలు. అక్క గుమ్మంలోనే ఉంది. నేను ఒక్క ఉరుకున వెళ్లబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు. ఆడ్నే ఆగు. బట్టలిప్పి బకీట్ల ఎయ్యి, తానం జేసి రా. అటెన్క ముట్టుకుందువు."

పదిహేను నెలల తర్వాత అక్క నన్ను పలకరించిన తీరు అది. తలుపు చాటున చీర అడ్డం పట్టి, కాళ్ల మీద వేణ్నీళ్లు తనే పోసింది. ఆ చేతులు చూశాను. ముంజేతులు సన్నబడి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. స్నానం చేసి వచ్చాక అప్పుడు దగ్గరికి తీసుకుంది. ఆమె భుజం దగ్గర మగ్గం నూనె వాసన. హాస్టల్లో చేరిన కొత్తలో ఆ వాసన కోసం ఏడ్చేదాన్ని. ఇప్పుడు దొరికింది గానీ దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

జొన్నరొట్టె, పచ్చిపులుసు, వేయించిన ఎండుమిరపకాయలు. అక్క కూతురు శ్రావణి నన్ను చూసి తెగ సంబరపడింది. "చిన్నమ్మా, కల్ మన్మిద్దరం లోచో ఖానే జాయేంగే, చాల్ నే?" అంది. రేపు ఇద్దరం లోచో తినడానికి పోదామని, ఒక్క వాక్యంలో మూడు భాషలు. అక్క దాన్ని చూసి "దీనికి ఏ భాషల నోరు సక్కగ తిరగది" అని విసుక్కుంది, మురిసిపోయింది కూడా.

తిన్నాక అడగక తప్పలేదు. "టబ్బు ఏదక్కా?"

శ్రావణి వేలు చూపించింది. నీలం టబ్బు మూలన ఉంది, నిండా సబ్బు నురుగు, నానబెట్టిన బట్టలు. నా ముఖం ఎలా అయిందో గానీ అక్క గబుక్కున లేచింది.

"పారవోయలేదే! నేను గంత తెలివి తక్కువదాన్నా? కొస ఉంచిన."

కొస ఉంచడమంటే ఏమిటో నేత పని తెలియనివాళ్లకు చెప్పాలి. మగ్గం మీద పోగులు అయిపోవచ్చినప్పుడు ఎవరూ చివరిదాకా నేసి కోసెయ్యరు. పాత పోగుల కొసలు మగ్గంలోనే వదులుతారు. కొత్త పోగుల్ని ఆ కొసలకు ఒక్కొక్కటిగా ముడేసి ముందుకు లాగుతారు. కొస లేకపోతే వేల పోగుల్ని మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకోవాలి. కొస కోసినవాడిని మా నాన్న మనిషి కింద లెక్కగట్టేవాడు కాదు.

ఊరికి పోయే రోజు అక్క చేసింది అదే. టబ్బు నీళ్లను రంగు వెయ్యని నేత గుడ్డలో వడగట్టింది. అడుగున మిగిలిన పాచీ, పురుగులూ కలిపి మూట కట్టింది. జోల్వా గదిలో గుమ్మానికి పైన మేకుకు వేలాడదీసింది.

"నీడకు ఎండవెట్టిన, ఇత్తనాల లెక్క. నీళ్లు తల్గితె మల్ల లేస్తయ్ గద?"

లేవవు. బతికున్న పురుగును ఆరబెడితే చస్తుంది, అంతే. నల్లటి గుడ్లుంటే తప్ప ఆ మూటలో ఆశ లేదు. అక్క ముఖంలోకి చూస్తూ ఆ మాట అనలేకపోయాను.

"గంజి ఎన్ని రోజులు పోసినవ్?" అన్నాను.

"ఏమో, యాదికి లేదు" అంది, రొట్టెల పెనం కడగడానికి లేస్తూ.

కడోదరా

మర్నాడు ఇద్దరం షేర్ ఆటోలో జోల్వాకు బయల్దేరాం. ముగ్గురి సీటులో ఐదుగురం, ఐదుగురికీ మాస్కులు, దూరం పాటించండి అని ఆటో వెనక రాసి ఉంది. దారిలో కడోదరా కూడలిలో దిగితే హైవే మీద లారీల వరస, బట్టల తానుల బండ్లు, ఒక పక్క పోంక్ వేయించే బట్టీ. పోంక్ అంటే పాలుపట్టిన పచ్చి జొన్న కంకుల్ని నిప్పుల మీద కాల్చి రాల్చిన గింజలు. మన దగ్గర ఊచబియ్యం అంటామే, అదే. తేడా ఏమిటంటే మనం పొలం గట్టున కూర్చుని చేతికి మసి అంటుకుంటూ ఊరికే తింటాం, వీళ్లు నిమ్మకాయ సేవ్, చక్కెర గుళికలు కలిపి కిలో ఐదు వందలకు అమ్ముతారు.

"పావుకు సవాసో? కేమ్ భాయ్, సోనా ఛే?" అని, పావు కిలోకు నూటపాతికేమిటి, బంగారమా అంటూ అక్క గుజరాతీలో బేరం మొదలుపెట్టింది. అతను ఒక్క రూపాయి తగ్గనన్నాడు. "వీని బట్టీ ఆరిపోను" అని తెలుగులో దీవించి, మళ్లీ గుజరాతీలో నవ్వుతూ ఇంకో గుప్పెడు ఎక్కువ వేయించుకుంది. నేను నవ్వాపుకోలేకపోయాను. అక్క బేరమాడుతుంటే కొంగు పట్టుకు నిలబడిన పదేళ్ల పిల్లనైపోయాను. ఆ కూడలి దాటి ఎక్కడికీ పోకుండా అక్కడే నిలబడిపోవాలనిపించింది.

కాగితం పొట్లం ఇద్దరం కలిసి తిన్నాం. ఈసారి నా వాటా ఆమె వైపు తోశాను. "నాకు కడుపు నిండింది" అన్నాను. అక్క నన్ను అనుమానంగా చూసి, "దొంగముండా" అని గింజలు మళ్లీ నా చేతిలోనే పోసింది.

జోల్వా

ముందు చెరువుకే వెళ్లాను. గుర్తుపట్టలేదు. నాలుగు వైపులా రాళ్లు పేర్చారు, కంచె కట్టారు, కూర్చోడానికి సిమెంటు బల్లలు వేశారు. నీళ్ల మీద గుర్రపు డెక్క దట్టంగా పరుచుకుంది. నేను మోకాళ్ల దాకా దిగి ఏడో నంబరు తల్లిని పట్టిన బురద ఒడ్డు లేదు. నీళ్లు తేలిన చోట మూడు సీసాలు నింపాను గానీ, ఒకే చెరువులో అదే తల్లి మళ్లీ దొరకడమంటే జాతరలో తప్పిపోయిన మనిషిని వెతకడమే.

గట్టు అవతల చెరకు. వీపున డబ్బా కట్టుకున్న మనిషి మందు కొడుతున్నాడు, ముక్కుకు రుమాలు. గాలి ఇటు తిరిగింది. ఆ వాసనకు చాలామందికి తల తిప్పుతుంది. చెరకు తోటల పక్క బడిలో చదివిన నాకు బడి గంట గుర్తొచ్చింది. వానాకాలం ఆ మందంతా ఈ చెరువులోకే జారేది. దానికి ఓర్చినవి మిగిలాయి, ఓర్వనివి పోయాయి. ఏళ్ల తరబడి అలా వడపోసి ఈ చెరువు ఏడో నంబరును తయారుచేసి ఇస్తే, నేను ఒక ఆదివారం కోసం పోగొట్టాను.

గుమ్మం దగ్గర

మేమున్న గదుల వరస అలాగే ఉంది. మగ్గాల చప్పుడు గోడల్లోంచి వస్తోంది. చిన్నప్పుడు ఆ చప్పుడు ఆగితేనే మాకు మెలకువ వచ్చేది.

మా పాత గదిలో ఇప్పుడు ఒడిశా గంజాం నుంచి వచ్చిన కుటుంబం ఉంది. గుమ్మంలో సబిత అనే ఇరవై ఐదేళ్ల అమ్మాయి, చంకలో నెలల బిడ్డ. తల ఎత్తి చూశాను. మూట ఉంది! మేకుకు వేలాడుతూనే ఉంది. దానికి సిందూరం బొట్లు పెట్టి ఉన్నాయి. ఎండిన బంతిపూల దండ. పక్కన గోడ పగులులో అగరుబత్తి పుల్ల.

నేను చెయ్యి ఎత్తానో లేదో సబిత అరిచింది. "దీదీ, ఉసే మత్ ఛూనా!" ముట్టుకోవద్దట.

ఆమె హిందీలో చెప్పింది ఇది. వాళ్లు దిగేసరికే మూట అక్కడుంది. ఎవరో తెలిసినవాళ్లు గుమ్మానికి రక్షగా కట్టారనుకున్నారు. ఈ వరసలో అన్ని గదుల్లోకీ జ్వరం వచ్చింది, ఈ ఒక్క గదిలోకి రాలేదు. కాన్పు కూడా ఇందులోనే సుఖంగా అయింది. ఇప్పుడది తీస్తే బిడ్డకు ఏమైనా అయితే ఎవరు పూచీ అంది.

నాకు ఓపిక తక్కువ. "అది రక్ష కాదమ్మా, ఎండిన పురుగు..." అని హిందీలో మొదలుపెట్టాను. అక్క నా తొడ మీద గట్టిగా గిల్లింది.

"చెప్తె ఇంటదా? దాని భయం దానిది" అని నాతో గొణిగి, అక్క సబిత పక్కన గుమ్మం మీద కూర్చుంది. బిడ్డను ఒళ్లోకి తీసుకుంది. ఎన్నో నెల, పాలు సరిపోతున్నాయా, మీ ఆయనది రాత్రి పాళీనా పగటి పాళీనా అని అడిగింది. చాలాసేపటికి, కట్టింది మేమే అని నెమ్మదిగా చెప్పింది. మా చెల్లె పనికి ఇందులోది కావాలి, మొత్తం తీసుకుపోము, సగమే తీసుకుంటాము, సగం నీకే ఉంటుంది, నా చేత్తో నేనే మళ్లీ కడతాను అంది.

"సగమైతే పనిచేస్తుందా?" అని సబిత అడిగింది.

"ఏ పోగైనా కొస ఉంటె సాలు, మల్ల అతుకుతది" అంది అక్క, తెలుగులోనే. తర్వాత హిందీలో చెప్పింది. సబిత భర్త కూడా మగ్గం మనిషే. ఆ మాట ఆమెకు ఎక్కింది. ఇంట్లోకి వెళ్లి స్టూలు తెచ్చింది.

అక్క మూట దించి, గుడ్డను పళ్లతో కొరికి నిలువునా చింపింది. ఎండిన పాచిని రెండు వాటాలు చేసింది. ఒక వాటాను మళ్లీ కట్టి మేకుకు వేసింది. సబిత కొత్త అగరుబత్తి వెలిగించి, అందరం దణ్ణం పెట్టేదాకా ఊరుకోలేదు. నీటి పురుగులకు దణ్ణం పెట్టిన మొదటి పరిశోధకురాలిని కూడా నేనే.

చేతి భూతద్దం తీసి నా వాటా చూశాను. ముందంతా చచ్చిన పురుగుల తొడుగులు, ఉల్లిపొర తునకల్లా. వేలితో జరిపాను. అప్పుడు కనిపించింది, ఆవగింజలో సగం కూడా లేని, గుర్రపు జీను ఆకారపు నల్లటి పెంకు. దాని పక్కన ఇంకొకటి. ఇంకో నాలుగు. లెక్కపెట్టడం మానేశాను.

సంతోషంతో ఎగరాల్సిన చోట భూతద్దం దించేశాను. టబ్బులో మేత ఉంటే ఈ గుడ్లు ఉండవు. మేత అంటే ఆ గదిలో గంజి. గంజి లేదంటే అన్నం వండలేదని. పోసీపోసీ మరిచిపోయే మనిషి కాదు మా అక్క. నేను పురుగుల బాగు అడిగిన ఆ ఏప్రిల్ పొద్దున ఈ గుమ్మం లోపల ఏముందో, ఆ నల్ల గింజలు నాకు చెప్పాయి.

"ఏమాయెనే? సచ్చినయా?" అక్క భయంగా అడిగింది.

"లేదక్కా. ఉన్నయి" అన్నాను. ఏడుపు ఆగలేదు. సంతోషం పట్టలేక ఏడుస్తున్నాననుకుంది. వీపు నిమిరింది.

తిరుగు దారి

స్టేషన్లో అక్కకు నిజం చెప్పాను. ఈ గుడ్లు లేచినా ఏడో నంబరు తల్లి తిరిగి రాదు. తల్లి తనంతట తాను కంటేనే నకలు. ఆడా మగా కలిసి పెట్టిన గుడ్డులో తల్లి గుణాలు ముక్కలు ముక్కలుగా కలిసిపోతాయి; ఒక్కో పిల్ల ఒక్కో తీరుగా ఉంటుంది. మందుకు ఓర్చే గుణం దేనికి వచ్చిందో, దేనికి రాలేదో తెలియదు.

"మనిద్దరం ఒక్క తల్లి పిల్లలమే గదనే. ఒక్క తీరుగున్నమా?" అంది అక్క. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, నేను క్షమించమని అడిగేదాన్ని. రైలు కదిలేదాకా కిటికీ పక్కన నిలబడి, అరటిపళ్ల మీద మందు కొట్టకని మూడుసార్లు చెప్పింది.

ఇంటికొచ్చాక

గుడ్డలోని పాచిని మంచినీళ్లలో వేసి కిటికీ వెలుగులో పెట్టాను. నాలుగు రోజులు ఏమీ లేదు. ఐదో రోజు ఒక చుక్క ఉలికిపడింది. మొత్తం పదకొండు లేచాయి, ఆరు బతికి తల్లులయ్యాయి. ఒక్కో తల్లికి ఒక్కో సీసా. వాటి పిల్లల్ని మందు నీళ్లలో వేసి రెండు రోజుల తర్వాత గ్లాసును వేలితో తట్టాను. మూడు వంశాలు అడుగున పడి ఉన్నాయి. ఒకటి ఈడ్చుకుంటోంది. రెండు మాత్రం ఏమీ జరగనట్టు ఈదుతున్నాయి.

ఆ రెండూ ఏడో నంబరు కావు. ఒకటి నెమ్మది, పిల్లల్ని తక్కువ కంటుంది. ఇంకొకటి వెలుతురంటే పారిపోతుంది. నా తల్లి అలా ఉండేది కాదు. వాటిని చూసినప్పుడల్లా సంతోషంగానే ఉంటుంది, అది లేదన్న దిగులూ ఉంటుంది.

అంతలో రెండో అల వచ్చింది. మళ్లీ తాళాలు. ఈసారి ఆరు సీసాల్నీ అట్టపెట్టెలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఒక దాంట్లో జనం పెరిగేదాకా ఆగి మేత తగ్గించాను. ఆకలైతేనే అవి గుడ్లు దాస్తాయి, వేరే దారి లేదు. చెంచా తీసి పక్కన పెట్టడం అంత కష్టమని నాకు తెలియదు. రెండుసార్లు వేసేశాను. మూడోసారి ఆగగలిగాను.

ఆ వారంలోనే అక్క ఫోన్ చేసింది. సబిత వాళ్లు జోల్వాలోనే ఉన్నారట, మూట గుమ్మానికే ఉందట. "పురుగులు ఎట్లున్నయే?" అంది, ముందు అదే అడిగింది.

"అది తర్వాత చెప్తక్కా. నువ్వు తిన్నవా?"

అవతల మగ్గాల చప్పుడు లేదు.

"ఇయ్యాల తిన్ననే" అంది అక్క. తర్వాత, "ఆ పొద్దు తినలె" అంది.